క్వేకర్ల ఊళ్లో ఆర్గాన్ల వెంట

శుక్రవారం

ఫిలడెల్ఫియా నగరాన్ని 1682లో పెట్టిన విలియం పెన్ క్వేకర్, అంటే ఆ పేరున్న క్రైస్తవ శాఖవాడు. ఈ ప్రాంతపు పాతకాలం క్వేకర్ల ప్రార్థనలో పాట లేదు, వాద్యం లేదు, పాస్టరు కూడా లేడు. అందరూ బెంచీల మీద మౌనంగా కూచుంటారు. ఎవరికైనా లోపల మాట పుడితే లేచి చెప్తారు. పుట్టకపోతే గంటసేపు అలాగే కూచుని ఇళ్లకు వెళ్తారు. అలాంటివాళ్లు పెట్టిన ఊళ్లో, ప్రపంచంలో పూర్తిగా పనిచేస్తున్న పైప్ ఆర్గాన్లన్నిటిలోకీ (గొట్టాల్లోకి గాలి పంపి వాయించే వాద్యాలివి) పెద్దది ఉంది. అదీ ఏ చర్చిలోనో కాదు, బట్టల కొట్లో.

ఆ కొట్టు 2025 మార్చి 23న మూతపడుతోందని జనవరిలోనే పేపర్లలో వచ్చింది. "చూడాలంటే ఇప్పుడే చూడాలి మావయ్యా, తర్వాత ఏమవుతుందో" అని మేనల్లుడు అప్పట్నుంచీ ఫోన్లో చెప్తూనే ఉన్నాడు. తెనాలి నాటకాల్లో లెగ్ హార్మోనియం వాయిస్తూ పెరిగినవాణ్ని కాబట్టి, నాకు ఆ మాట చాలు. వాళ్లుండేది ఎక్స్‌టన్‌లో. కూరగాయల కొట్లో నిలబడితే నాలుగు మాటల్లో ఒకటి తెలుగు వినిపించే ఊరు. అక్కడి నుంచి లోకల్ రైల్లో ఫిలడెల్ఫియాకి బయల్దేరాం.

ఈ రైలు దారంతా క్వేకర్ల చరిత్రే. బ్రిన్ మార్, హేవర్‌ఫర్డ్ కాలేజీలు రెండూ వాళ్లు పెట్టినవే. ఆ తర్వాత స్టేషను బోర్డు చూసి నేను సీట్లోంచి లేచినంత పని చేశాను. ఆర్డ్‌మోర్! గుంటూరులో ఆస్పత్రి కట్టిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1856లో పుట్టింది ఈ ఊళ్లోనే. నేను పుట్టింది ఆవిడ ఆస్పత్రిలో. ఆవిడ లూథరన్, క్వేకర్ కాదు. కానీ ఆవిడ 1879లో డాక్టరయిన ఫిలడెల్ఫియా మహిళా వైద్య కళాశాల 1850లో మొదలైందంటే దాని వెనక క్వేకర్ డాక్టర్ల పట్టుదల ఉంది. ఆడవాళ్లకు మెడిసిన్ సీటు ఇచ్చేది లేదని మిగతా కాలేజీలు తలుపులు వేసుకున్న రోజులవి. ఈ సంగతంతా మేనల్లుడికి చెప్తే, "ఈ స్టేషన్ మీదుగా ఎన్నేళ్లుగా తిరుగుతున్నానో, నాకిది తెలియనే తెలియదు" అన్నాడు.

సిటీ హాల్ దగ్గర దిగి తలెత్తితే గోపురం మీద విలియం పెన్ విగ్రహం. ఎత్తు 37 అడుగులు, బరువు 27 టన్నులు. చాలాకాలం ఆయన టోపీకన్నా ఎత్తుగా ఎవరూ కట్టకూడదని ఊళ్లో ఒక నోటిమాట ఒప్పందం ఉండేదట. 1987లో ఒక ఆకాశహర్మ్యం దాన్ని దాటేసింది. ఆ విగ్రహానికి ఎదురుగానే వానమేకర్ భవనం. జాన్ వానమేకర్ ఈ స్థలంలో వ్యాపారం మొదలుపెట్టింది 1876లో, పాత రైల్వే గూడ్స్ షెడ్డులో. వస్తువు మీద ధర రాసి చీటీ కట్టడం, బేరం లేకుండా అమ్మడం అమెరికాలో వ్యాప్తిలోకి తెచ్చినవాళ్లలో ఆయన పేరు ముందు చెప్తారు. ఆయన ప్రెస్బిటేరియన్. అయితే ఒకే ధర అన్న పద్ధతి ఇంగ్లండు క్వేకర్ వ్యాపారులది. ఎక్కువ అడిగి తక్కువకు దిగడం అబద్ధమాడటమేనని వాళ్లు పదిహేడో శతాబ్దంలోనే బేరాలు మానేశారు.

లోపలికి అడుగుపెట్టగానే ముందు కంటబడింది 'క్లోజింగ్ సేల్' బోర్డులు. చెప్పుల డబ్బాలు గుట్టలుగా పోసి ఉన్నాయి, హ్యాంగర్లు ఖాళీగా వేలాడుతున్నాయి. మధ్యలో 2,500 పౌన్ల కంచు డేగ. ఈ ఊళ్లో ఎవరైనా ఎవరినైనా కలవాలంటే 'డేగ దగ్గరికి రా' అనడం అలవాటు. డేగ మీదుగా చూస్తే పైన ఏడంతస్తుల ఎత్తు ఖాళీ, ఒక గోడ పొడుగునా బంగారు రంగు గొట్టాలు. ఆ కనిపించే గొట్టాలు కొసరు మాత్రమే. అసలువి వెనక గదుల్లో అంతస్తుల కొద్దీ ఉన్నాయి, మొత్తం 28,750 దాకా.

పైప్ ఆర్గాన్‌లో ఒక్కో గొట్టం ఒక్క స్వరమే పలుకుతుంది. హార్మోనియంలో ఒక్కో రీడు ఎలాగో ఇక్కడ ఒక్కో గొట్టం అలాగ. ఒకే గొంతు ఉన్న గొట్టాల వరసను ఒక ర్యాంక్ అంటారు. ఇక్కడ 464 ర్యాంకులు. వేణువులా పలికేవి, బాకాలా పలికేవి, తంత్రీవాద్యంలా పలికేవి. ఏ వరసకు గాలి వెళ్లాలో స్టాపులు లాగి చెప్పాలి. తిత్తి పని కరెంటు బ్లోయర్లది. పొడవాటి గొట్టాలు 32 అడుగులవి. వాటిలో ఒక కొయ్య గొట్టం లోపల పొట్టి గుర్రాన్ని నిలబెట్టి ప్రచారానికి ఫొటో తీయించారు.

దీని కథ అప్పులతో మొదలైంది. 1904 సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శన కోసం లాస్ ఏంజెలెస్ ఆర్ట్ ఆర్గాన్ కంపెనీ దీన్ని కట్టింది. అప్పటికి 10,059 గొట్టాలు. ఖర్చు అంచనా దాటిపోయి కంపెనీ చితికింది. ప్రదర్శనలో ఫ్రాన్స్ నుంచి అలెగ్జాండర్ గిల్మాన్ వచ్చి 40 కచేరీలు చేశాడు. ప్రదర్శన అయ్యాక దీన్ని కాన్సస్ సిటీకి పంపాలన్న ఆలోచన నెరవేరలేదు. విడదీసి గోడౌన్లో పడేస్తే కొన్నేళ్లు అలాగే ఉండిపోయింది. 1909లో వానమేకర్ కొన్నాడు. 13 గూడ్స్ పెట్టెల్లో వచ్చింది. బిగించడానికి రెండేళ్లు పట్టింది. 1911 జూన్ 22న లండన్లో ఐదో జార్జి పట్టాభిషేకం జరుగుతున్న వేళకు సరిపెట్టి ఇక్కడ మొదటిసారి మోగించారు. అదే జార్జి ఆ డిసెంబరులో ఢిల్లీ దర్బారుకు వచ్చాడు. ఇక్కడేమో ఆ డిసెంబరులోనే అధ్యక్షుడు టాఫ్ట్ వచ్చి కొత్త భవనాన్ని ప్రారంభించాడు.

ఏడంతస్తుల ఖాళీలో పదివేల గొట్టాల మోత వానమేకర్‌కు చాల్లేదు. కొట్లోనే ఆర్గాన్ వర్క్‌షాప్ పెట్టించి 1930 దాకా గొట్టాలు కలుపుతూనే పోయారు. ఈ పెంచడం లెక్కలేని డబ్బున్నవాళ్ల సరదాలా అనిపించినా, పన్నెండు గంటలకు కచేరీ మొదలయ్యాక నేను దాన్ని తప్పుపట్టలేకపోయాను. కొట్టు నడిచినన్నాళ్లూ వారానికి ఆరు రోజులు, రోజుకు రెండు కచేరీలు ఉండేవి, టిక్కెట్ లేదు. ముందు తంత్రీ గొంతుల ర్యాంకులు మెల్లగా లేచాయి. ఆ శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో చెప్పలేం. తర్వాత 32 అడుగుల గొట్టాలకు గాలి అందింది. ఆ మంద్రం చెవికన్నా ముందు అరికాళ్లకు తెలిసింది. పక్కన డిస్కౌంటు చొక్కా సైజు చూసుకుంటున్న ఒకాయన చేతిలో చొక్కాతోనే ఆగిపోయాడు. క్యాష్ కౌంటర్ మాత్రం ఆగలేదు.

1921 డిసెంబరు 8న ఫ్రెంచి ఆర్గాన్ విద్వాంసుడు మార్సెల్ డ్యుప్రే ఇక్కడ కూచుని ఉంటే, పాత చర్చి కీర్తనల బాణీలు కొన్ని అప్పటికప్పుడు చేతికిచ్చారు. మన అవధానికి సమస్య ఇచ్చినట్టే. ఆయన ఆశువుగా ఒక సింఫనీ వాయించేశాడు. తర్వాత కాగితం మీద పెట్టి 'సింఫనీ పాసియన్' అని పేరు పెట్టాడు. ఒక బట్టల కొట్టు సంగీతానికి ఇంతకన్నా ఏం చేయాలి?

పై అంతస్తులో వాద్యకారుడు కూచునే బల్ల దగ్గరికి వెళ్లి చూశాం. మెట్లు ఆరు వరసలు, చుట్టూ రంగురంగుల స్టాపు బిళ్లలు వందలకొద్దీ. 1989 నుంచి ఇక్కడ ప్రధాన వాద్యకారుడు పీటర్ రిచర్డ్ కాంటే. కింద కొట్టు పేరు 1997లో లార్డ్ అండ్ టేలర్ అయింది, 2006లో మేసీస్ అయింది. యజమానులు మారినప్పుడల్లా ఆర్గాన్ ప్రేమికులకు టెన్షనే.

శనివారం

ఇవాళ కార్లో. మేనల్లుడి కూతురు కూడా వచ్చింది, ఎనిమిదో తరగతి. దారిలో బర్మింగ్‌హామ్ మీటింగ్ హౌస్ దగ్గర కాసేపు ఆగాం. మీటింగ్ హౌస్ అంటే క్వేకర్ల ప్రార్థన మందిరం. 1763 నాటి రాతి కట్టడం. అమెరికా స్వాతంత్ర్య పోరాటంలో 1777 సెప్టెంబరు 11న బ్రాండీవైన్ యుద్ధం దీని చుట్టూనే జరిగింది, గాయపడిన సైనికులను ఈ బెంచీల మధ్యే పడుకోబెట్టారు. యుద్ధాన్ని పాపమనే వాళ్ల ప్రార్థన మందిరం యుద్ధపు ఆస్పత్రి అయింది. తాళం వేసి ఉంది, బయటి నుంచే చూసి కదిలాం.

లాంగ్‌వుడ్ గార్డెన్స్‌కు అందరూ పూల కోసం వస్తారు. నేను వచ్చింది గేటు పక్కనున్న చిన్న భవనం కోసం, తోట లోపలున్న ఆర్గాన్ కోసం.

ఆ చిన్న భవనం లాంగ్‌వుడ్ ప్రోగ్రెసివ్ ఫ్రెండ్స్ మీటింగ్ హౌస్. క్వేకర్లంటే మనకు బానిసత్వాన్ని ఎదిరించినవాళ్లని తెలుసు. ఎదిరించడంలోనూ వాళ్లలో తగాదాలున్నాయని ఇక్కడికి వస్తే తెలుస్తుంది. 'మనం బానిసలను ఉంచుకోవడం మానేశాం, చాలు, రాజకీయ ఉద్యమాల్లోకి ఎందుకు' అని పెద్దలన్నారు. చాలదన్నవాళ్లు 1853లో విడిపోయి వేరే సంఘం పెట్టుకున్నారు, 1855లో ఈ మందిరం కట్టుకున్నారు. బానిసగా పుట్టి బానిసత్వం మీద పోరాడిన సోజర్నర్ ట్రూత్ ఇక్కడ మాట్లాడింది, ఆ పోరాటానికే పత్రిక నడిపిన విలియం లాయిడ్ గారిసన్ మాట్లాడాడు. 1862 జూన్‌లో ఈ సంఘం ప్రతినిధులు వాషింగ్టన్ వెళ్లి లింకన్‌ను కలిసి, బానిసలకు విముక్తి ప్రకటించమని అడిగారు. ఆ సెప్టెంబరులో ఆయన తొలి ప్రకటన చేశాడు. అది వీళ్లు అడిగినందుకేనని నేననను, కానీ అడిగినవాళ్లలో వీళ్లున్నారు. 1940లో సంఘం మూతపడింది. ఇప్పుడిది పర్యాటకుల సమాచార కేంద్రం. లోపల మ్యాపులు, బ్రోషర్లు. ఎదురుగా శ్మశానంలో బేయార్డ్ టేలర్ సమాధి. 1853లో ఇండియాలో తిరిగి పుస్తకం రాసిన యాత్రికుడు, పక్కనున్న కెన్నెట్ స్క్వేర్ వాడు, క్వేకర్ల బిడ్డ. యాత్రా కథనం రాసేవాణ్ని కాబట్టి ఆయనకు ఒక నమస్కారం పెట్టుకున్నాను.

తోటదీ క్వేకర్ల మూలమే. 1700లో పియర్స్ కుటుంబం ఈ భూమిని పెన్ నుంచి కొని సాగు చేసింది. 1798 నుంచి ఆ ఇంటి అన్నదమ్ములిద్దరు రకరకాల చెట్లు తెచ్చి నాటారు. 1906లో ఆ చెట్లను కలపకు కొట్టేయబోతుంటే, అడ్డుపడి పొలం మొత్తం కొన్నవాడు పియర్ డు పాంట్. ఆయన పుట్టింది 1802 నుంచీ ఈ బ్రాండీవైన్ ఏటి ఒడ్డునే తుపాకీ మందు చేసిన వంశంలో. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి ఆ కంపెనీకి ఆయనే అధ్యక్షుడు. ఆయుధం ముట్టనివాళ్లు నాటిన చెట్లను మందుగుండు డబ్బు కాపాడింది. మనవరాలికి ఇది చెప్తే, "అయితే ఆయన మంచివాడా చెడ్డవాడా తాతయ్యా?" అంది. నా దగ్గర జవాబు లేదు. వాళ్ల నాన్న ఐస్‌క్రీం కొనిపెట్టాడు.

గాజు తోటలో ఆర్కిడ్లు దాటుకుని బాల్‌రూంలోకి వెళ్తే, గులాబీ రంగు గాజు కప్పు కింద ఆర్గాన్ బల్ల ఉంది. గొట్టాలన్నీ గోడ వెనక గదుల్లో, ఒక్కటీ కనబడదు. ఏయోలియన్ కంపెనీ 1930లో బిగించింది. 146 ర్యాంకులు, 10,010 గొట్టాలు. ఆ కంపెనీ ఒక ఇంటికి కట్టిన ఆర్గాన్లలో ఇదే పెద్దది. రూపకల్పన డు పాంట్ ఇంటి ఆస్థాన వాద్యకారుడు, బెల్జియం వాడైన ఫర్మిన్ స్విన్నెన్‌ది. నిశ్శబ్ద సినిమాలకు ఆర్గాన్ వాయించి పేరు తెచ్చుకున్నవాడు కాబట్టి ఇందులో డప్పులు, గంటలు, పియానో అన్నీ పెట్టించాడు. మేం వెళ్లినప్పుడు ఒకాయన సినిమా పాటలాంటిదే వాయిస్తున్నాడు. నిన్నటి గాంభీర్యం లేదు. నాకు నిన్నటిదే నచ్చింది, పిల్లకు ఇవాళ్టిది.

ఈ శతాబ్దంలో దీన్ని ముక్కముక్కగా విడదీసి, శుభ్రం చేసి, తోలు మార్చి మళ్లీ కూర్చారు. తోట వెనక డు పాంట్ వదిలివెళ్లిన నిధి ఉంది కాబట్టి ఈ ఆర్గాన్‌కు దిగుల్లేదు.

ఆదివారం

ఆర్చ్ స్ట్రీట్ మీటింగ్ హౌస్‌లో పదిన్నరకు ప్రార్థన. ఎవరైనా రావచ్చు. పెన్ 1701లో రాసిచ్చిన శ్మశానం మీద కట్టిన మందిరం ఇది. 1793 పచ్చజ్వరం చావులు కూడా ఈ నేలలోనే ఉన్నాయి. పేరు చెక్కిన రాళ్లు పెట్టుకోవడం గొప్పలకు పోవడమని వాళ్లు పెట్టుకోలేదు. 1803-05 మధ్య కట్టింది ఓవెన్ బిడిల్ అనే క్వేకర్ వడ్రంగి. గోడలకు బొమ్మల్లేవు, బలిపీఠం లేదు, రంగు గాజు లేదు. రెండు శతాబ్దాలుగా మనుషులు కూచుని నునుపెక్కిన బెంచీలు.

మొదటి పది నిమిషాలు నేను నిన్నా మొన్నా విన్న బాణీలే లోపల వాయించుకున్నాను. హార్మోనియం వాడికి మౌనం తెలియదు. శ్రుతి ఎప్పుడూ మోగుతూనే ఉండాలి. ఆ తర్వాత దూరంగా ఎవరిదో దగ్గు, బెంచి కిర్రుమనడం, బయట బస్సు బ్రేకు, అన్నీ వేటికవే వినిపించాయి. నలభై నిమిషాలకు ఒక ముసలాయన లేచి, జబ్బుతో ఉన్న స్నేహితుడి గురించి నాలుగు మాటలు చెప్పి కూచున్నాడు. మళ్లీ నిశ్శబ్దం. చివర్న పక్కవాళ్లతో చేతులు కలిపారు, అయిపోయింది.

క్వేకర్లకు సంగీతం మీద ఎంత అనుమానమో చెప్పడానికి సాల్మన్ ఎకిల్స్ ఒక్కడు చాలు. పదిహేడో శతాబ్దంలో లండన్లో తరాలుగా సంగీతమే బతుకుగా ఉన్న ఇంటివాడు, మంచి గురువు, సంపాదన బాగా ఉంది. క్వేకర్ అయ్యాక వాద్యాలు, పుస్తకాలు అమ్మేశాడు. కొన్నవాళ్లకు పాపం అంటగట్టినట్టే కదా అనిపించి, వాటిని మళ్లీ తెచ్చుకుని టవర్ హిల్ మీద పోసి తగలబెట్టాడు. జనం అడ్డొస్తే కాళ్లతో తొక్కి విరగ్గొట్టాడు. నాకు ఈ మనిషిని క్షమించడం కష్టం.

టీ దగ్గర ఒక పెద్దావిడతో ఈ మాటే అన్నాను. ఆవిడ నవ్వి, "అందరం అలా లేం" అంది. పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఇండియానా, అయోవా, కాన్సస్‌ల వైపు ఉజ్జీవ సభల ఊపు వచ్చినప్పుడు అక్కడి క్వేకర్ సంఘాలు పాస్టర్లను పెట్టుకున్నాయి, కీర్తనలు పాడాయి, పియానోలూ ఆర్గాన్లూ మందిరంలోకి తెచ్చుకున్నాయి. ఇవాళ ప్రపంచంలో ఎక్కువమంది క్వేకర్లున్న కెన్యాలో ప్రార్థనంటే పాటే. మౌనంగా కూచునేది ఇప్పుడు తక్కువమందేనట.

ఆవిడే ఇంకో సంగతి చెప్పింది. ట్వెల్త్ స్ట్రీట్‌లో 1812 నాటి మీటింగ్ హౌస్ ఉండేది. దాని దూలాల్లో కొన్ని అంతకుముందు 1755లో కట్టిన మందిరానివి. 1970ల మొదట్లో ఆ స్థలం చేజారితే, భవనాన్ని విప్పి తీసుకెళ్లి న్యూటౌన్‌లోని జార్జ్ స్కూల్ ఆవరణలో మళ్లీ నిలబెట్టారు. దూలాలు, పలకలు, బెంచీలు, అంతే కదా సరంజామా. వానమేకర్ ఆర్గాన్‌ను అలా తీసుకెళ్లాలంటే బరువే 287 టన్నులు. తీసుకెళ్లినా ఆ ఏడంతస్తుల ఖాళీ ఎక్కడ దొరుకుతుంది? ఆర్గాన్‌కు సగం గొంతు అది ఉన్న భవనమే. భవనం ఎవరిదైతే దాని ప్రాణం వాళ్ల చేతిలో ఉన్నట్టు.

సోమవారం

పెన్సిల్వేనియా యూనివర్సిటీలో ఇర్విన్ ఆడిటోరియం. కార్యక్రమం లేని రోజు కాబట్టి లోపలికి వెళ్లే వీల్లేదు. బయట నుంచే చూశాను. ఇందులో ఉన్న ఆర్గాన్ కూడా ఒక ప్రదర్శన మిగిల్చిపోయిందే. స్వాతంత్ర్యానికి 150 ఏళ్లయిన సందర్భంగా 1926లో ఫిలడెల్ఫియా ప్రదర్శన పెట్టి నష్టపోయింది. దానికోసం ఆస్టిన్ కంపెనీ కట్టిన 10,731 గొట్టాల ఆర్గాన్‌ను పత్రికాధిపతి సైరస్ కర్టిస్ కొని యూనివర్సిటీకి ఇచ్చాడు. సెయింట్ లూయిస్ కథే మళ్లీ: ఊరు గొప్పకు పోయి చేయించడం, అప్పుల పాలవడం, ఒక షావుకారు జేబులోంచి తీసి నిలబెట్టడం. ఆర్గాన్ల విషయంలో క్వేకర్ల అనుమానంలో కొంత న్యాయం ఉందని ఇక్కడ నిలబడ్డప్పుడు ఒప్పుకున్నాను. పాడే గొంతుకు షావుకారు అక్కర్లేదు, ఈ వాద్యానికి కావాలి.

తర్వాతి శనివారం

కొట్టు తెరిచి ఉండే ఆఖరి వారం. ఆర్గాన్‌కు వీడ్కోలు కచేరీల రోజు. మేనల్లుడి ఇంటిల్లిపాదీ వచ్చాం. డేగ దగ్గర అడుగు పెట్టడానికి సందు లేదు, పై అంతస్తుల రెయిలింగుల పొడుగునా జనం. చిన్నప్పుడు క్రిస్మస్ దీపాలు చూడ్డానికి ఇక్కడికే వచ్చామని చెప్పుకుంటున్నవాళ్లు, భుజాల మీద పిల్లల్ని ఎక్కించుకున్నవాళ్లు. ఒక్కో అంశం అయ్యాక చప్పట్లు ఎంతకీ ఆగవు. నిన్నమొన్నటిదాకా చొక్కాలు వెతుక్కున్న చోట ఇవాళ అందరూ పైకే చూస్తున్నారు.

భవనం కొన్న న్యూయార్క్ సంస్థ ఆర్గాన్‌నూ డేగనూ ఉంచుతామని మాటిచ్చింది. భవనం జాతీయ చారిత్రక కట్టడాల జాబితాలో ఉంది. ఆర్గాన్ మిత్రుల సంఘం ఏళ్ల తరబడి చందాలు పోగేసి, మూగబోయిన ర్యాంకులను ఒక్కొక్కటిగా పలికించుకుంటూ వచ్చింది. తోలు ఎండిపోతుంది, గొట్టం శ్రుతి తప్పుతుంది, అందుకే రోజూ వాయిస్తూ ఉండాలి, మనిషి చూస్తూ ఉండాలి. లోపలే ఉన్న వర్క్‌షాప్‌ను కూడా ఉంచుతారా అన్నదే నాకు అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. పక్కన నిలబడ్డ ఆయన్ను ఇదే అడిగితే, "కరెంటు బిల్లు ఎవరు కడతారో ముందు తేలాలి" అన్నాడు.

మేనల్లుడి భార్య అప్పటికే పై అంతస్తులో గిన్నెలు బేరం చేయబోయి, ఇక్కడ బేరాల్లేవని తెలిసి, చీటీ మీదున్న ధరకే రెండు కొనుక్కొచ్చింది.